టెహ్రాంజెలెస్: లాస్ ఏంజెలెస్‌లో ఇరానీయుల వీధి, నాలుగున్నర దశాబ్దాల ప్రవాస గుర్తింపు

లాస్ ఏంజెలెస్ నగరపు పశ్చిమ భాగంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ (యూసీఎల్‌ఏ) ప్రాంగణానికి దక్షిణంగా వెస్ట్‌వుడ్ బులెవార్డ్ సాగుతుంది. విల్షైర్ కూడలి దాటి కొంత దూరం నడిస్తే దుకాణాల బోర్డులపై లిపి మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాల పక్కనే, కుడి నుంచి ఎడమకు సాగే పర్షియన్ అక్షరాలు కనిపిస్తాయి. పుస్తకాల అంగళ్లు, తివాచీల దుకాణాలు, కబాబ్ హోటళ్లు, కుంకుమపువ్వు ఐస్‌క్రీమ్ అమ్మే చోట్లు, వలస వ్యవహారాలు చూసే న్యాయవాదుల కార్యాలయాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఇరాన్ వెలుపల ఇరానీయులు అత్యధికంగా స్థిరపడిన నగరాలలో లాస్ ఏంజెలెస్ ముందు వరుసలో ఉంది. టెహ్రాన్, లాస్ ఏంజెలెస్ పేర్లను కలిపి ఈ ప్రాంతాన్ని ‘టెహ్రాంజెలెస్’ అని పిలవడం వాడుకలోకి వచ్చింది. వెస్ట్‌వుడ్ బులెవార్డ్, విల్కిన్స్ అవెన్యూ కలిసే కూడలికి 2010లో నగర పాలక మండలి ‘పర్షియన్ స్క్వేర్’ అని అధికారికంగా నామకరణం చేసింది.

మాతృదేశానికి స్వేచ్ఛగా వెళ్లలేని, స్థిరపడిన దేశంలో తరచూ అనుమానపు చూపులను ఎదుర్కొన్న ఒక సమాజం తన భాషను, పండుగలను, పేరును ఏ విధంగా నిలుపుకొంటూ వచ్చిందో ఈ వీధి చరిత్ర తెలుపుతుంది.

విద్యార్థుల నుంచి శరణార్థుల వరకు

ఇరానీయుల అమెరికా వలసను స్థూలంగా రెండు దశలుగా విభజించవచ్చు. 1979 విప్లవానికి ముందు వచ్చినవారిలో అత్యధికులు విద్యార్థులు. చమురు ఆదాయంతో పరిశ్రమలను విస్తరిస్తున్న షా ప్రభుత్వానికి ఇంజినీర్లు, సాంకేతిక నిపుణులు అవసరమయ్యారు. ఫలితంగా 1970ల చివరి నాటికి అమెరికాలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థులలో ఇరానీయులే ప్రథమ స్థానంలో నిలిచారు. చదువు ముగించుకొని స్వదేశానికి తిరిగి వెళ్లడమే వారిలో చాలామంది ఉద్దేశం.

విప్లవం ఆ లెక్కను తలకిందులు చేసింది. రాజరిక ప్రభుత్వంతో సంబంధమున్న ఉన్నతోద్యోగులు, వ్యాపారులు, మతపరమైన అల్పసంఖ్యాకులు, కళాకారులు దేశం విడిచారు. 1980 నుంచి 1988 వరకు ఇరాక్‌తో సాగిన యుద్ధకాలంలో, సైన్యంలో చేరవలసిన వయసుకు వస్తున్న కుమారులను తల్లిదండ్రులు విదేశాలకు పంపారు. తిరిగి వెళ్దామనుకున్న విద్యార్థులు ఉండిపోయారు. కొద్ది నెలల కోసమని వచ్చినవారు సూట్‌కేసులు విప్పకుండానే సంవత్సరాలు గడిపారని ఆ తరం తరచూ చెప్పుకుంటుంది.

ఇతర వలస సమూహాలతో పోలిస్తే వీరిలో ఉన్నత విద్యావంతుల నిష్పత్తి, సొంత వ్యాపారాలు నడిపేవారి నిష్పత్తి అధికం. వీరు ఒకే పేటలో గుమికూడి నివసించలేదు. బెవర్లీ హిల్స్, ఎన్సినో, టార్జానా, వుడ్‌లాండ్ హిల్స్, గ్లెండేల్, దక్షిణాన అర్వైన్ వరకు విస్తరించారు. అందువల్ల వెస్ట్‌వుడ్‌ను ఇరానీయుల నివాస ప్రాంతమనడం కంటే వారి అంగడి వీధి అనడం సముచితం. నివాసం ఎక్కడున్నా రొట్టె, పుస్తకం, విమాన టికెట్, న్యాయ సలహా కోసం అందరూ చేరే చోటు అది. 1980ల ఆరంభంలో మొదలైన ‘కెతాబ్’ పుస్తక సంస్థ ప్రచురించిన ఇరానీ ఎల్లో పేజెస్, నగరమంతటా చెదిరి ఉన్న సమాజానికి ఒక ఉమ్మడి చిరునామాల గ్రంథంగా ఉపయోగపడింది.

ఒకే దేశం, పలు సమూహాలు

వెలుపలివారికి ఒకే సమాజంగా కనిపించే లాస్ ఏంజెలెస్ ఇరానీయులలో ముస్లింలు, యూదులు, ఆర్మేనియన్లు, బహాయీలు, జరతుష్ట్ర మతస్థులు, అస్సీరియన్లు ఉన్నారు. ఇరాన్ జనాభాలో స్వల్ప సంఖ్యలో ఉన్న ఈ అల్పసంఖ్యాక వర్గాలు లాస్ ఏంజెలెస్‌లో మాత్రం గణనీయమైన వాటా కలిగి ఉన్నాయి. యూసీఎల్‌ఏలో పరిశోధన చేసిన సామాజిక శాస్త్రవేత్తలు జార్జెస్ సబాగ్, మెహదీ బొజోర్గ్‌మెహర్ 1980ల చివర ఈ సమాజాన్ని సర్వే చేశారు. ఒకే దేశం నుంచి వచ్చిన వలసదారులలో ముందునుంచే ఉన్న జాతి, మత విభజనలను బొజోర్గ్‌మెహర్ ‘అంతర్గత జాతీయత’గా వర్ణించారు.

ఈ విభజన కలిసిపోవడంలోనూ తేడాలు తెచ్చింది. ఇరానీ ఆర్మేనియన్లకు గ్లెండేల్‌లో లెబనాన్, సోవియట్ ఆర్మేనియా తదితర దేశాల నుంచి వచ్చిన ఆర్మేనియన్లతో కూడిన చర్చిలు, పాఠశాలలు లభించాయి. అమెరికన్లుగా మారేలోపు వారు మరింత ఆర్మేనియన్లుగా మారే అవకాశం ఏర్పడింది. ఇరానీ యూదుల పరిస్థితి భిన్నం. 1979 మే నెలలో యూదు పారిశ్రామికవేత్త, సమాజ నాయకుడు హబీబ్ ఎల్గానియాన్‌కు మరణశిక్ష అమలు చేసిన తరువాత వారి వలస ఉద్ధృతమైంది. విల్షైర్ బులెవార్డ్‌లోని సైనాయ్ టెంపుల్ వంటి ప్రార్థనాలయాలలో చేరినప్పుడు, తూర్పు యూరప్ మూలాలున్న అమెరికన్ యూదుల ఆచారాలు వారికి కొత్తగా తోచాయి. మతం ఒకటే అయినా భాష, భోజనం, కుటుంబ మర్యాదలు వేరు. శుక్రవారం రాత్రి సబ్బాతు విందులో శనగపిండి, కోడిమాంసం కలిపి చేసే ‘గొంది’ ఉండలు, కుంకుమపువ్వు అన్నం వడ్డించడం వారి ప్రత్యేకతగా నిలిచింది.

రాజకీయ భాగస్వామ్యానికి కూడా ఈ వర్గమే ముందు దారి వేసింది. సైనాయ్ టెంపుల్ అధ్యక్షుడిగా పనిచేసిన జిమ్మీ దెల్షాద్ 2007లో బెవర్లీ హిల్స్ మేయర్ అయ్యారు. ఇరాన్‌లో జన్మించిన వ్యక్తి ఆ పదవిని చేపట్టడం అదే ప్రథమం. ఆ ఎన్నికలో బ్యాలెట్ పత్రాలపై పర్షియన్ అనువాదం ముద్రించడం పట్ల కొందరు స్థానికులు ఫిర్యాదులు చేశారు. అంతకుముందు ఇరానీ కుటుంబాలు నిర్మించుకున్న ఎత్తైన స్తంభాల భవనాలను ‘పర్షియన్ ప్యాలెస్‌లు’ అంటూ ఎద్దేవా చేసిన సందర్భాలూ ఉన్నాయి. కలిసిపోయిన సమాజం సైతం కంటికి కనబడినప్పుడల్లా ప్రశ్నలు ఎదుర్కొంటుందని ఈ రెండు వివాదాలూ తెలుపుతాయి.

‘ఇరానీ’యా? ‘పర్షియన్’నా?

టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని 1979 నవంబర్ 4న విప్లవ విద్యార్థులు ఆక్రమించారు. 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉన్నారు. ఆ నెలలోనే అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రభుత్వం అమెరికాలోని ఇరానీ విద్యార్థులందరూ వలస అధికారుల ఎదుట హాజరై వివరాలు సమర్పించాలని ఆదేశించింది. టెలివిజన్ తెరపై ప్రతి రాత్రి వినిపించే ‘ఇరాన్’ అనే మాట, అదే ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చినవారికి కూడా భారమైంది.

ఆ నేపథ్యంలో ‘మీరు ఏ దేశస్థులు’ అన్న ప్రశ్నకు చాలామంది ‘పర్షియన్’ అని సమాధానం చెప్పడం అలవాటు చేసుకున్నారు. ఆ మాట వినగానే అమెరికన్లకు తివాచీలు, పిల్లులు, ప్రాచీన సామ్రాజ్యం స్ఫురిస్తాయి తప్ప బందీలు కాదు. అయితే ఈ రెండు పదాలు సమానార్థకాలు కావు. తమ దేశాన్ని ‘పర్షియా’ అని కాక, ప్రజలు అనాదిగా పిలుచుకునే ‘ఇరాన్’ అనే పేరుతో వ్యవహరించాలని రెజా షా ప్రభుత్వం 1935లో విదేశాలను కోరింది. పర్షియన్ ఆ దేశంలోని ప్రధాన భాష పేరు. ఇరాన్ పౌరులలో అజర్‌బైజానీలు, కుర్దులు, బలూచీలు, అరబ్బులు కూడా ఉన్నారు. అందుచేత ‘పర్షియన్’ అనే పదం తమను మరుగుపరుస్తుందని ఆక్షేపించేవారు ఉన్నారు. కూడలికి ‘ఇరానియన్ స్క్వేర్’ అని కాక ‘పర్షియన్ స్క్వేర్’ అని పేరు స్థిరపడడం ఈ సందర్భంలో గమనార్హం. ప్రవాసంలో పుట్టి పెరిగిన తరంలో పలువురు ‘ఇరానియన్ అమెరికన్’ అనే పదాన్ని నిస్సంకోచంగా ఎంచుకుంటున్నారు.

జనగణన పత్రంలో ఒక గడి

అమెరికా జనగణన నిబంధనల ప్రకారం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలవారు దశాబ్దాలుగా ‘తెల్లవారు’ కింద లెక్కకు వస్తున్నారు. నిత్యజీవితంలో విమానాశ్రయంలోనూ, పాఠశాలలోనూ వారికి ఎదురయ్యే అనుభవం మాత్రం వేరు. 2002 డిసెంబర్‌లో ఇరాన్ సహా కొన్ని దేశాల పురుషులు ప్రత్యేక నమోదు కోసం హాజరు కావాలన్న ఆదేశాన్ని పాటించి కార్యాలయాలకు వెళ్లినవారిలో వందలాది మందిని దక్షిణ కాలిఫోర్నియాలో నిర్బంధించారు. వీసా గడువు వంటి సాంకేతిక కారణాలు చూపి చట్టాన్ని గౌరవించి వచ్చినవారినే పట్టుకున్నారన్న ఆగ్రహంతో లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శనలు జరిగాయి. కాగితంపై తెల్లవారు, వీధిలో కానివారు అన్న ఈ వైరుధ్యాన్ని సామాజిక శాస్త్రవేత్త నెదా మగ్‌బూలే 2017లో వెలువరించిన ‘ది లిమిట్స్ ఆఫ్ వైట్‌నెస్’ గ్రంథంలో విశ్లేషించారు.

ఈ చరిత్రలో భారతీయులకు సంబంధించిన ఒక అధ్యాయం ఉంది. అమెరికా పౌరసత్వం ‘స్వేచ్ఛాయుతులైన తెల్లవారికి’ ప్రధానంగా పరిమితమై ఉన్న కాలంలో, బొంబాయికి చెందిన పార్సీ వర్తకుడు బాల్సారాకు న్యూయార్క్ న్యాయస్థానం పౌరసత్వం ఇవ్వగా, 1910లో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది. పార్సీల పర్షియన్ మూలాలు ఆ వాదంలో కీలకమయ్యాయి. 1923లో పంజాబ్‌కు చెందిన భగత్ సింగ్ థింద్ కేసులో మాత్రం సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారని తీర్పు చెప్పింది. ఇరాన్ మూలం ఒకరికి తలుపు తెరవగా, భారత మూలం మరొకరికి మూసింది.

2020 జనగణనలో తొలిసారిగా ‘తెల్లవారు’ గడి కింద మూలాన్ని రాసే వీలు కల్పించి లెక్కలు వెలువరించారు. ఇరానీయులుగా, లేదా ఇతర మూలాలతో పాటు ఇరానీయులుగా రాసుకున్నవారు 5,68,564 మంది. ‘పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా’ వర్గాన్ని ప్రత్యేకంగా గుర్తిస్తూ 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం తన గణాంక ప్రమాణాలను సవరించింది. సమాజ సంఘాలు చాలాకాలంగా కోరుతున్న మార్పు ఇది. లెక్కలోకి వస్తేనే ఆరోగ్యం, విద్య, వివక్ష వంటి అంశాలపై వివరాలు లభిస్తాయన్నది వారి వాదన.

వంటింటి భాష, పుస్తకాల భాష

ప్రవాసంలో భాషను నిలుపుకోవడం ఏ సమాజానికైనా కష్టమే. పర్షియన్ విషయంలో మరొక చిక్కు ఉంది. రాసే భాషకు, మాట్లాడే భాషకు మధ్య అంతరం ఎక్కువ. రొట్టెను గ్రంథాలలో ‘నాన్’ అని రాస్తారు. టెహ్రాన్ వాడుకలో అది ‘నూన్’. ఇంటిని ‘ఖానె’ అని రాసి ‘ఖూనె’ అని పలుకుతారు. ‘వెళ్తున్నాను’ అనడానికి రాతలో ‘మీరవమ్’, మాటలో ‘మీరమ్’. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన పిల్లలకు అమ్మమ్మ నోట విన్న రెండో రూపమే తెలుస్తుంది. వారు సరళంగా మాట్లాడగలిగినా, పుస్తకం తెరిస్తే లిపి ఒక అడ్డంకి, వ్యాకరణం మరో అడ్డంకి. గ్రాంథికం, వ్యావహారికాల మధ్య సుదీర్ఘ వివాదాన్ని చూసిన తెలుగు పాఠకులకు ఈ సమస్య స్వభావం తేలికగానే అర్థమవుతుంది.

ఫలితంగా కొత్త తరంలో చాలామంది పర్షియన్ మాటలను రోమన్ అక్షరాలలో రాసుకుంటారు. ఇంగ్లిష్ క్రియలకు పర్షియన్ సహాయ క్రియలను జోడించే మిశ్రమ వాడుక ఇళ్లలో సర్వసాధారణం. దీనికి ‘ఫింగ్లిష్’ అనే పేరు ఉంది. వారాంతపు బడులు, యూసీఎల్‌ఏలోని ఇరాన్ అధ్యయన విభాగం లిపిని నేర్పే ప్రయత్నం చేస్తున్నాయి.

పదాలకంటే త్వరగా చేజారేది మర్యాద. ఆతిథ్యంలో వద్దనడం, బలవంతపెట్టడం, మళ్లీ వద్దనడం అనే క్రమాన్ని పర్షియన్‌లో ‘తఆరొఫ్’ అంటారు. దుకాణదారుడు ధర చెప్పే ముందు ‘మీకైతే ఏమీ అక్కర్లేదు’ అని అర్థం వచ్చే మాట అంటాడు. కొనేవాడు డబ్బు ఇచ్చి తీరాలి. అమెరికా బడిలో పెరిగిన పిల్లవాడు ఆ మాటను అక్షరాలా నమ్మితే పెద్దలకు నవ్వూ వస్తుంది, దిగులూ వేస్తుంది.

పాట, తెర, పండుగ

విప్లవానంతరం ఇరాన్‌లో పాప్ సంగీతంపై నిషేధం విధించారు. స్త్రీలు పురుష శ్రోతల ఎదుట ఏకగానం చేయడానికి వీలు లేకపోయింది. ఇరాన్ చిత్ర, సంగీత రంగాలలో ప్రసిద్ధులు అనేకులు లాస్ ఏంజెలెస్ చేరారు. ఇక్కడ తయారైన క్యాసెట్లు రహస్యంగా ఇరాన్‌కు చేరేవి. ఈ సంగీతాన్ని అక్కడివారు ‘లాస్ ఆంజెలెసీ’ అని, కొంత చులకనగా, కొంత మక్కువగా పిలిచారు. సుప్రసిద్ధ గాయనులు హాయెదె, ఆమె సోదరి మహస్తీ వెస్ట్‌వుడ్‌లోని శ్మశానవాటికలోనే శాశ్వత నిద్ర పొందారు. నటి మార్లిన్ మన్రో సమాధి ఉన్నదీ అక్కడే. ఇరాన్‌లోనే ఉండిపోయి రెండు దశాబ్దాలు మౌనం వహించిన గూగూష్ 2000లో దేశం దాటి వచ్చి మళ్లీ వేదిక ఎక్కడం ప్రవాసులకు మరపురాని ఘట్టం.

1980లలో స్థానిక బహుభాషా చానెల్‌లో గంటల లెక్కన సమయం కొని ఇరానీయులు కార్యక్రమాలు ప్రసారం చేసేవారు. ఆ టెలివిజన్‌ను పరిశీలించిన హమీద్ నఫీసీ 1993లో వెలువరించిన గ్రంథంలో, విడిచి వచ్చిన దేశాన్ని ఒక జ్ఞాపక వస్తువుగా ఈ కార్యక్రమాలు ఎలా మలిచాయో వివరించారు. 2000 నాటికి ఉపగ్రహ ప్రసారాలు మొదలై ప్రవాహం దిశ మారింది. ఇరాన్‌లో డిష్‌లపై నిషేధం ఉన్నప్పటికీ లాస్ ఏంజెలెస్ చానెళ్లు అక్కడి ఇళ్లలోకి చేరాయి.

మతాలు వేరైనా అందరినీ కలిపేది వసంత విషువత్తు నాటి నూతన సంవత్సరం, నౌరూజ్. ఈ పేరులోని ‘నౌ’ మన ‘నవ’ శబ్దానికి సోదరి. ‘రూజ్’ తెలుగులో స్థిరపడిన ‘రోజు’కు మూలం. ‘స’కారంతో మొదలయ్యే ఏడు వస్తువులను అలంకరించే ‘హఫ్త్ సీన్’ బల్లపై మొలకలు, ఆపిల్, వెల్లుల్లి, వెనిగర్, సుమాక్ వంటివి ఉంచుతారు. పదమూడవ రోజున ఇల్లు విడిచి పచ్చిక బయళ్లలో గడపాలన్న ఆచారంతో దక్షిణ కాలిఫోర్నియా పార్కులు నిండిపోతాయి. 2008లో ఏర్పడిన ఫర్హంగ్ ఫౌండేషన్ ఏటా యూసీఎల్‌ఏలో నౌరూజ్ ఉత్సవం నిర్వహిస్తోంది. మతంతో, ప్రభుత్వంతో నిమిత్తం లేని పండుగ కావడం వల్లనే ఇది ప్రవాస గుర్తింపుకు కేంద్రమైంది.

తెలుగు నేలపై ఇరానీ జాడలు

ఇరానీయుల వలస తెలుగువారికి అపరిచితం కాదు. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుంచి వచ్చాడు. 1591లో హైదరాబాద్ నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన మీర్ మొమిన్ అస్తరాబాదీ కూడా ఇరాన్ దేశస్థుడే. బజారు, దర్జీ, పరదా, గులాబీ, దస్తావేజు, సిపాయి వంటి పర్షియన్ మాటలను వాడేటప్పుడు అవి పరాయివని తెలుగువారికి తోచదు. తరువాతి కాలంలో వచ్చిన ఇరానీ కుటుంబాల హోటళ్ల వల్ల ‘ఇరానీ చాయ్’ హైదరాబాద్ గుర్తింపులో భాగమైంది. నాలుగు శతాబ్దాలలో ఇక్కడ జరిగినది లాస్ ఏంజెలెస్‌లో నాలుగు దశాబ్దాలలో జరగాలని ఆశించడం తొందరపాటు. అయితే రెండింటి మధ్య ప్రధానమైన తేడా ఒకటి ఉంది. గోల్కొండకు వచ్చిన ఇరానీయుల భాష దర్బారు భాష. వెస్ట్‌వుడ్‌లో అది వలసదారుల భాష.

మూసుకున్న దారులు

అమెరికా, ఇరాన్‌ల మధ్య 1980 ఏప్రిల్ నుంచి దౌత్య సంబంధాలు లేవు. వాషింగ్టన్‌లో ఇరాన్ వ్యవహారాలు పాకిస్థాన్ రాయబార కార్యాలయం ఆధ్వర్యంలోని విభాగం ద్వారా సాగుతున్నాయి. అమెరికా వీసా కావలసిన ఇరానీయులు అంకారా, యెరెవాన్, అబుధాబి వంటి మూడో దేశపు నగరానికి ప్రయాణించి ఇంటర్వ్యూకు హాజరు కావాలి. మనవడి పుట్టుకకో, పట్టభద్రోత్సవానికో తల్లిదండ్రులను పిలిపించుకోవడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు మామూలు విషయం. ఇరానీ కుటుంబాలకు అది రెండు ప్రభుత్వాల దయ. 2017 జనవరిలో 7 దేశాల పౌరుల ప్రవేశాన్ని నిలిపివేసిన ఆదేశంలో ఇరాన్ ఉంది. 2021 జనవరిలో ఆ నిషేధం రద్దయింది. 2025 జూన్‌లో 12 దేశాలపై విధించిన కొత్త నిషేధంలో ఇరాన్ పేరు మళ్లీ చేరింది.

అటువైపు దారి కూడా సులభం కాదు. ఇరాన్ ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. తండ్రి ఇరానీయుడైతే ఎక్కడ పుట్టినా సంతానాన్ని తన పౌరులుగానే పరిగణిస్తుంది. ద్వంద్వ పౌరులను నిర్బంధించిన ఘటనల కారణంగా తాతగారి ఊరు చూడాలనుకునే యువతీయువకులు వెనుకంజ వేస్తున్నారు.

2022 సెప్టెంబర్‌లో పోలీసు నిర్బంధంలో మహసా అమీనీ మరణించిన తరువాత, పర్షియన్ సరిగా చదవలేని తరం కూడా లాస్ ఏంజెలెస్ వీధులలోకి వచ్చి నినాదాలు చేసింది. అయితే ప్రదర్శనలలో ఏ పతాకం ఎగరాలన్న అంశంపైనే ఏకాభిప్రాయం లేదు. సింహం, సూర్యుడు ఉన్న పాత పతాకం కొందరికి మాతృభూమి చిహ్నం, మరికొందరికి రాజరిక చిహ్నం. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య 12 రోజుల యుద్ధం జరిగినప్పుడు ఈ భేదాలు మళ్లీ బయటపడ్డాయి. పాలకుల పతనాన్ని కోరేవారు, బాంబుల కింద ఉన్న బంధువుల క్షేమం కోసం తపించేవారు వేర్వేరు శిబిరాల వారు కారు. అనేక సందర్భాలలో ఇద్దరూ ఒకే ఇంటివారు. కొన్నిసార్లు ఒకే మనిషి.

టెహ్రాంజెలెస్ ఈనాడు ఒక సంధి దశలో ఉంది. వ్యాపారాలు స్థాపించిన తరం వృద్ధాప్యంలో ఉంది. సంతానంలో వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు అనేకులు; తండ్రి దుకాణాన్ని కొనసాగించేవారు తక్కువ. పుస్తకాలు, పాటలు ఇప్పుడు ఫోన్‌లోనే లభిస్తాయి గనుక వాటి కోసం వెస్ట్‌వుడ్ రావలసిన అవసరమూ తగ్గింది. మరోవైపు, ఈ వీధి పేరే శీర్షికగా పొరోచిస్తా ఖక్‌పూర్ నవల 2024లో ఇంగ్లిష్‌లో వెలువడింది. మొదటి తరానికి ఈ వీధి తిరుగు ప్రయాణానికి వేచి ఉన్న విడిది. వారి మనవలకు ఇరాన్ విన్న దేశం, వెస్ట్‌వుడ్ చూసిన ఊరు. ఆ లిపిని చదవగలిగే పిల్లలు ఎంతమంది మిగులుతారన్న దానిపైనే అంగళ్ల బోర్డులపై పర్షియన్ అక్షరాల భవిష్యత్తు ఆధారపడి ఉంది.